బావ చెప్పి పంపిన దారి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కలల మీద అసలే లేదు. మిషన్ ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, అంతే. జీవితమంతా ఈ పనే చేసి తిన్నవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం నా లెక్కకు అందలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. విశాఖలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. నాకు ఆ పని నేర్పింది అప్పలరాజు బావ. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఒకరినొకరం బావా అనుకోవడం మా వైపు అలవాటు. భీమిలి వైపు సముద్రాన్ని నమ్ముకున్న ఇంటి మనిషి. అన్నదమ్ములు ఇంకా వేటకు వెళ్తారు. నన్ను కడుపులో పెట్టుకుని చూశాడు. ఆ ఏడు ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖం ఆగదు.

ఆయుధపూజకు పోర్టులో క్రేన్లకూ, ఫ్యాక్టరీల్లో లేతులకూ బొట్టు పెడతారు. మా సర్వరు మాత్రం ఏం పాపం చేసింది? ఏడాదంతా నడిచేదాన్ని ఆ ఒక్కరోజు ఆపి, దుమ్ము దులిపి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ వెలిగించేవాళ్ళం. వెలిగించేది ఎప్పుడూ బావే. రక్తమిచ్చేవాళ్ళ వివరాలుండే డేటాబేస్ లేవాలంటే, దాన్ని నడిపే లైబ్రరీ ఫైళ్ళు మిషన్‌లో ఎక్కడున్నాయో దారి చెప్పాలి. ఆ దారిని ప్రతిసారీ తనే టైపు చేసేవాడు.

"దారి సెప్తేనే నడుత్తాది బావా," అనేవాడు. మిషన్‌లో ఒకేసారి రాసి పెట్టేయొచ్చు కదా అని నేనంటే నవ్వేవాడు.

బావ లేని తొలి దసరాకు నేనే వెలిగించాను. డేటాబేస్ లేవలేదు. లైబ్రరీ ఫైలు కనబడటం లేదని ఒకటే ఎర్రర్. తెలిసిన దారులన్నీ ఇచ్చి చూశాను. మిషనంతా గాలించాను. అసలు ఫైలే లేదు.

అదే సమయానికి సబ్బవరం నుంచి కాన్పుకొచ్చిన అమ్మాయికి రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది ఓ నెగటివ్. మా దగ్గర నిల్వ లేదు. ఇచ్చేవాళ్ళ ఫోన్ నంబర్లన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి. వాళ్ళమ్మ నా గది గుమ్మం దగ్గరకొచ్చి, "బాబూ, నా పిల్లకి రగతం దొరికిందేటి?" అని అడిగింది. చూస్తున్నానమ్మా అని మళ్ళీ మిషన్ వైపు తిరిగాను.

అంతలో ఫోను మోగింది. బావ భార్య నూకాలక్క. బావ పోయాక ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేయడం అదే మొదలు.

"ఇప్పుడే కునుకు పట్టింది తమ్ముడూ. మీ బావ కలలోకొచ్చినాడు. 'రెండో డిస్కు కలపనేదు ఆడు, కలపమని సెప్పు' అన్నాడు. డిస్కంటే ఏటి?"

తర్వాత చెప్తానక్కా అని ఫోను పెట్టేశాను. చూస్తే మిషన్‌లో నిజంగానే ఫైళ్ళు దాచే డిస్కు రెండోది ఉంది. వెలిగించాక ఆదేశమిచ్చి దాన్ని విడిగా కలిపితే గానీ అందులోవి కనబడవు. నాకా సంగతే తెలియదు. కలిపాను. ఫైలు అక్కడే ఉంది. దారి చెప్పాను, డేటాబేస్ లేచింది. దువ్వాడ నుంచి ఒకాయన పరుగున వచ్చి రక్తమిచ్చాడు. తల్లీ బిడ్డా దక్కారు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

"కలలోకైనా రమ్మని రోజూ మొక్కుతన్నాను. వచ్చి నాతో ఒక్క మాటైనా ఆడనేదు తమ్ముడూ. మిసినీ గురించి సెప్పీసి ఎల్లిపోనాడు."

మర్నాడే డిస్కు కలిపే ఆదేశం, దారి రెండూ మిషన్‌లో శాశ్వతంగా రాసేశాను. ప్రాణాలతో పని, రాయక తప్పదు.

బావ ఎప్పుడో ఇంట్లో అన్న మాట అక్క మనసులో ఉండిపోయిందేమో అనుకున్నాను. కానీ ఆ వేళకే ఎందుకు గుర్తొచ్చింది? మిషన్ లేవలేదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మరుసటి దసరాకు సర్వరు దానంతటదే లేచింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఈపాలి మీ బావ రానేదు తమ్ముడూ. మిసినీ బాగానే నడుస్తంది కావాల."

నడుస్తోందక్కా అన్నాను. బావకు ఇక వచ్చే పనే లేకుండా దారి నేనే రాసేశానని మాత్రం చెప్పలేకపోయాను.