గోపన్‌పల్లి నుంచి కోకాపేటకు పెట్టె సర్దుకుని

పక్క ఊరికి వెళ్లడం కూడా ప్రయాణమేనా అని నవ్వేవాళ్లు ఈ టపాను ఇక్కడే ఆపేయొచ్చు. మా గోపన్‌పల్లి నుంచి కోకాపేటకు, ఆటోలో గంట కూడా పట్టని దూరానికి, నేను బట్టల పెట్టె సర్దుకుని వెళ్లాను. అక్కడి ఒక విధాన పరిశోధన సంస్థ ఏటా కొందరికి ఫెలోషిప్ ఇస్తుంది. తొమ్మిది నెలలు వాళ్ల ప్రాంగణంలోనే గది, భోజనం, లైబ్రరీ. బదులుగా మనం ఎంచుకున్న సమస్య మీద నివేదిక రాయాలి. తెల్లవారకముందే ఆఫీసులు ఊడ్చడానికి వచ్చే ఆడవాళ్లకు ఈ ఐటీ దారుల్లో బస్సులు ఎందుకు దొరకవన్నది నా అంశం. వాళ్లతో మాట్లాడటం అయిపోయింది, రాయడమే మిగిలింది. అది మా ఇంట్లో అయ్యే పని కాదు. ఉమ్మడి కుటుంబం, అందరూ మంచివాళ్లే. కానీ నేను లాప్‌టాప్ తెరిస్తే చాలు, ఖాళీగానే ఉందిగా అని ఎవరో ఒకరు పిలుస్తారు. నాకు ఫెలోషిప్ డబ్బు కన్నా ఆ గది కావాలి.

ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లు ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు చర్చలో పాల్గొనాలి, బట్టలు తెచ్చుకోండి అని మెయిల్‌లో రాశారు. పొద్దున్నే మా ఆయన ఆఫీసుకు వెళ్తూ నా పెట్టెను గేటు బయట పెట్టి వెళ్లాడు. ఆటో కోసం చూస్తుంటే ఎదురింటి రాజమణి అత్త వచ్చింది.

"ఏడికే, పెట్టె వట్టుకొని?"

"కోకాపేటకత్తా. రేపొస్త."

"కోకాపేటల నీకెవలున్నరే?"

"ఎవలు లేరు. పనుంది."

ఆమె ముఖం మారిపోయింది. మా దగ్గర కోడలు ఒక్కతే పెట్టెతో గడప దాటిందంటే ఇంట్లో గొడవైందనే అర్థం. ఆమె ఫోన్ తీయడం చూశాను, పట్టించుకోలేదు.

యాప్‌లో ఆటో మూడు వందల లోపే చూపించింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా వెళ్లాలి కాబట్టి ఆఫీసుల వేళ అయితే నలభై నిమిషాల పైనే వేసుకోండి. బస్సు చవకే కానీ సంస్థ గేటు దాకా రాదు, పెట్టెతో ఎండలో నడవాలి. రెండో సిగ్నల్ దగ్గర ఆటో ఆగగానే డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"అక్కా, ఒక మాటంటె ఏమనుకోవద్దు. సంసారమన్నంక జర అటిటు ఉంటది. ఆటో ఇంటికి తిప్పమంటవా?"

"నేనేం కొట్లాడి రాలేదన్నా. ఇంటర్వ్యూకు పోతున్న."

"గింత దగ్గరికి పెట్టెందుకు మరి?"

నవ్వొచ్చింది, మండింది కూడా. మగవాడు ఇదే పెట్టెతో ఎక్కితే ఎయిర్‌పోర్టుకా సార్ అని అడిగేవాడు.

సంస్థలో కోఆర్డినేటర్ నవ్వుతూ ఎదురొచ్చింది. కోస్తా అమ్మాయి, మర్యాదలో లోటు లేదు. "మీది గోపన్‌పల్లే కదండీ. మీకు గది అక్కర్లేదనుకుని వేరేవాళ్లకి ఇచ్చేశామండి. సాయంత్రం ఇంటికెళ్లి పొద్దున్నే వచ్చేయండి."

"వెళ్లనండి," అన్నాను. పెట్టెను ఇంటర్వ్యూ గదిలోకే లాక్కెళ్లి కుర్చీ పక్కన నిలబెట్టాను.

ముగ్గురు కూర్చున్నారు. నా అంశం మీద చాలాసేపు, నిజంగా ఆసక్తిగా అడిగారు. చివర్లో పెద్దావిడ ఫైలు మూసింది. "పని బాగుంది, ఫెలోషిప్ ఇవ్వొచ్చు. కానీ గదులు దూరం నుంచి వచ్చేవాళ్లకు. మీరు ఇంటి నుంచే రావచ్చుగా?"

ఆటోడ్రైవర్ ప్రశ్నే, ఏసీ గదిలో. జవాబు చెప్పబోతుండగా గేటు నుంచి ఆవిడకు ఫోన్ వచ్చింది. మా అన్న వచ్చాడట, అర్జెంటట. అన్నకు కొత్తగూడలో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. రాజమణి అత్త మాట విని, షట్టర్ దించేసి, మా ఆయన్ను ఎక్కడికెళ్లిందో అడిగి, గొడవేం లేదని ఆయన చెప్పినా నమ్మక, బండి మీద వచ్చేశాడు. పెద్దావిడ లోపలికి పంపమంది. అన్న ముగ్గురికీ దండం పెట్టాడు.

"అమ్మా, మా చెల్లె మంచిదే, కోపమే ఎక్కువ. బావతోని నేను మాట్లాడుత. జర నచ్చజెప్పి నా వెంబడి పంపుండ్రి."

సిగ్గుతో చచ్చిపోవాల్సింది. చావలేదు. "చూశారుగా మేడమ్," అన్నాను. "నేను ఒక్క రోజు ఇంట్లో లేకపోతే పంచాయితీ ఇక్కడిదాకా వచ్చింది. ఆ ఇంట్లో కూర్చుని తొమ్మిది నెలలు నివేదిక ఎలా రాయను? గది లేని ఫెలోషిప్ నాకొద్దు."

"పట్టుబడితే రెండూ పోవచ్చు."

"పోనివ్వండి. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెడతాను."

బయటికొచ్చాక వరండాలో అన్న అడిగాడు. "నిజంగ కొట్లాడలేదా?"

"లేదన్నా."

"మరి ఇంట్ల ఏం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలే. అందరికీ నేనే కావాలె. నాకు పనుంది."

అన్న ఫోన్ తీసి రాజమణి అత్తకు కలిపి, "అత్తా, పంచాయితేం లేదు. మా చెల్లె తన పని మీద వచ్చింది. ఇగ ఎవ్వలికి ఫోన్లు చెయ్యకు," అన్నాడు. సాయంత్రానికి కోఆర్డినేటర్ అతిథుల గది ఒకటి తెరిపించింది.

దూరం నుంచి వచ్చినవాళ్ల అవసరం అందరికీ కనబడుతుంది. పక్కనే ఉన్నవాళ్లు మాత్రం తమ అవసరాన్ని నోరు తెరిచి చెప్పాలి, చెప్పినందుకు మొండిది అనిపించుకోవాలి. అనిపించుకున్నాను, బాధ లేదు. మీరూ దగ్గరివాళ్లయితే ఒక్కటి చేయండి: దరఖాస్తులోనే గది ఎందుకు కావాలో నాలుగు వాక్యాలు రాయండి, ఇంటర్వ్యూ ముందురోజు ఫోన్ చేసి మీ పేరు మీద గది ఉందో లేదో కనుక్కోండి. నాకు ఫెలోషిప్ గదితో సహా వచ్చింది. ఇది ఆ గదిలోనే రాస్తున్నాను. ఎవరో తలుపు కొడుతున్నారు. ఈ పేరా పూర్తయ్యాకే తీస్తాను.