అమ్మ కుడి చెయ్యి

విరిగినవారి పక్కన కూర్చుని, లేవలేనివారి దగ్గరికి తానే నడిచివచ్చే దేవునికి ముందుగా స్తోత్రం.

ఈ ఉదయం రాయపూర్ దేవేంద్ర నగర్‌లో మా పక్కింటి ముసలామె మోకాళ్లకు నొప్పుల నూనె రాసుకుంటుంటే, ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి నన్ను ఐదో తరగతి చలికాలంలోకి, మా రైల్వే క్వార్టర్లోకి లాక్కుపోయింది. నాన్న రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చాడు. అమ్మ కాలనీ అంతటికీ బట్టలు కుట్టేది. క్రిస్మస్ ముందు మా ఇంట్లో కొత్త గుడ్డల గంజి వాసన, అరిసెల పాకం వాసన కలిసిపోయేవి. మేం పిల్లలం గుడ్డపీలికలతో బొమ్మలు చుట్టుకుని మంచం కింద ఆడుకునేవాళ్లం. ఆ యేడు పక్క ఊరు ధర్సీవా నుంచి అమ్మ వస్తున్న ప్రైవేటు బస్సు కాలువలోకి ఒరిగిపోయి, అమ్మ కుడి మణికట్టు సీటు కమ్మీ కింద నలిగింది. కట్టు విప్పాక రోజూ అదే నొప్పుల నూనె రాసినా చెయ్యి వంగలేదు, వేళ్లు కత్తెరను పట్టలేదు. వెల్లూరులో ఆపరేషన్ చేయిస్తే కొంత నయమవుతుందన్నారు. బస్సు వాళ్ల మీద వేసిన నష్టపరిహారం కేసు గెలిస్తే తప్ప అది మా వల్ల అయ్యే పని కాదు.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉండేది. జబ్బు నుంచి లేచినవాళ్లు ఆదివారం నిలబడి కృతజ్ఞత చెప్పాలి. సగమే నయమైందని మాత్రం ఎవరూ అనరు. అలా అంటే దేవుణ్ణి తక్కువ చేసినట్టవుతుందని భయం. అమ్మ కూడా లేచి, ఎడమ చేత్తో కుడి చెయ్యి పైకెత్తి, ప్రభువు పూర్తిగా బాగుచేశాడని చెప్పింది. సంఘ పెద్ద దానియేలు తాత ఆ సంతోషాన్ని బజారంతా పంచాడు, చివరికి బస్సు యజమాని గుమాస్తాకు కూడా. వారం తిరక్కుండా మా వకీలు వచ్చి, అవతలివాళ్లు తాతనే గవాహుగా, అంటే సాక్షిగా, పిలుస్తున్నారని చెప్పి వెళ్లాడు.

"ఏటే, నొప్పని సెప్పుకోడానికి సిగ్గేటి నీకు?" అన్నాడు నాన్న.

"దేవుడి ముందు నిలబడి, సగం పనే సేసేవని ఎలాగంటాను?"

"మరి జజ్ సాబ్ ముందేటంటావు?"

అమ్మ కుడి చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. ఆ రోజుల్లో పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు; పక్కింటి ఛత్తీస్‌గఢీ అత్త పంపిన కరకరలాడే శనగపిండి ఠేఠరీలు మేం నమిలితే ఆ చప్పుడుకే నాన్న కసిరేవాడు. తాత అబద్ధమాడే మనిషి కాదు. ఆయన విన్నది విన్నట్టు చెబితే కేసు పోతుంది, అమ్మ చెయ్యి అలాగే ఉండిపోతుంది.

కోర్టులో పేషీకి ముందు ఆదివారం అమ్మ మళ్లీ లేచింది.

"నాను తొందరపడి సెప్పేసినాను. దేవుడు మంచోడే, నా సెయ్యి మాత్రం బాగవనేదు."

ఆడవాళ్లు తలలు దించుకున్నారు. తాత మెల్లగా నడిచివచ్చి తన చెయ్యి అమ్మ అరచేతిలో పెట్టాడు.

"పట్టు, సూద్దాం."

అమ్మ వేళ్లు ముడుచుకోలేదు.

"ఓలమ్మా, ఇన్నాళ్లూ దీన్నా కొంగు కింద దాసినావు?" అన్నాడు తాత.

కోర్టులో అవతలి వకీలు, చెయ్యి బాగైందని ఈమె గిర్జాలో, అంటే చర్చిలో, చెప్పిందా లేదా అని తాతను నిలదీశాడు. చెప్పిందన్నాడు తాత. నేను నాన్న చొక్కా పట్టుకున్నాను. తాత జడ్జి వైపు తిరిగి, తనకొచ్చిన హిందీలో నిదానంగా అన్నాడు: "బాగవలేదని కూడా చెప్పింది, సాబ్. మొదటిది విన్నానంతే. రెండోది పట్టుకుని చూశాను." జడ్జి అమ్మ చేతికి కలం ఇప్పించాడు. అది జారి బల్ల కిందికి దొర్లిపోయింది.

పరిహారం వచ్చింది, అడిగినంత కాదు. వెల్లూరు వెళ్లొచ్చాక అమ్మ బొటనవేలు, చూపుడువేలు కలిశాయి. కత్తెర మళ్లీ పట్టలేకపోయినా చొక్కాలకు కాజాలు కుట్టేది. మా కూడికలో ఒక్కొక్కరే లేచి, మోకాలు ఇంకా పీకుతోందని, దగ్గు తగ్గలేదని చెప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అమ్మ లేదు, తాత లేడు, ఆ క్వార్టర్లు లేవు. వాళ్ల యాస మా పిల్లల నోట లేదు. సంఘం పెద్ద హాలుకు మారింది, మైకు అందుకున్నవాళ్లంతా పూర్తిగా బాగయ్యామనే చెబుతున్నారు. చదువుతున్న మీరు కాసేపు ఆగి నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, ఇంకా నొప్పిగానే ఉందని నీ ముందు లేచి చెప్పే ధైర్యం మాకివ్వు, అలా చెప్పినవాళ్ల చెయ్యి పట్టుకుని చూసే మనసు కూడా ఇవ్వు. ఆమెన్.