సంతకం మంచిదే, పెట్టిందెవరు?

సంతాపం ప్రకటించుటకు పూర్వము మరణవార్తను రెండు వేర్వేరు మార్గాలలో ధ్రువీకరించుకొనవలెను. మా కంప్యూటర్ సార్ పోయారన్న వార్త పోయిన నెల వాట్సాప్‌లో, అదీ ఫార్వర్డ్‌గా వచ్చింది. కనుక నమ్మలేదు. తెనాలిలో వారింటికి ఫోన్ చేశాను.

"నిజమేనండి," అన్నారు వారి భార్య. "ఆయనే ఉంటే, అడుగుతున్నది మీరేనని ఏంటి నమ్మకం అనేవారు."

వార్త ధ్రువపడింది.

నేను రేపల్లెలో ఒక రక్తపరీక్షల ల్యాబుకు మేనేజరును. సార్ వారానికి రెండుసార్లు ప్యాసింజర్ రైల్లో వచ్చి మా కంప్యూటర్లు చూసేవారు. టీ ఎవరు పెట్టారో తెలిశాకే తాగేవారు. ఏ కొత్త ఫైలు వచ్చినా నల్ల తెర తెరిచి ఒక్క వరుస ఆదేశం టైపు చేసేవారు. ఫైలుపై ఉన్న డిజిటల్ సంతకాన్ని 'కీ'తో, అంటే బ్యాంకులో దాచే నమూనా సంతకం లాంటిదానితో పోల్చి, అది సరైనదేనా, దారిలో ఎవరైనా ఫైలును మార్చారా అన్నది ఆ ఆదేశం చెప్పేది.

ఒక ఉదయం మా రిపోర్టుల సాఫ్ట్‌వేర్ గడువు ముగిసి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఒకాయన కంపెనీ మనిషినంటూ వచ్చి, కొత్త వెర్షన్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్లాడు. సార్ వచ్చేలోపు నేనే ఆదేశం టైపు చేశాను. 'సంతకం సరైనదే' అని జవాబొచ్చింది. సార్ రాగానే సగర్వంగా నివేదించాను.

"సంతకం మంచిదే. పెట్టిందెవరు? సరిచూసిన కీ ఎక్కడిదండి?"

"అదే పెన్‌డ్రైవ్‌లో ఉందండి."

"అంటే దొంగగారే వచ్చి, తన మంచితనానికి తానే సాక్ష్యం చెప్పి వెళ్లారు. టీ కూడా ఇచ్చారా?"

ఇచ్చాను.

లోపలి నుంచి డాక్టరుగారు వచ్చారు. "ఏంటి సార్ ఇది! రేపు ఆ అమ్మాయికి కాన్పు ఆపరేషన్. రక్తం గ్రూపు రిపోర్టు కోసం పొద్దుట్నుంచీ బెంచీ మీద కూర్చుంది!"

"కూర్చోనివ్వండి. తప్పుడు గ్రూపుతో పడుకోబెట్టడం కంటే నయం."

ఆమె రిపోర్టును ఇద్దరితో సరిచూపించి చేత్తో రాయించారు. తర్వాత బస్సెక్కి బాపట్లలో ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారి ఆఫీసుకు వెళ్లి, వారి కీని గుర్తుపట్టే నలభై అక్షరాల వరుసను వారి నోటే చదివించుకున్నారు. పెన్‌డ్రైవ్‌లోని కీ వరుసతో ఒక్క ముక్కా కలవలేదు.

"మేం రేపల్లె ఎవర్నీ పంపలేదండి," అన్నారట వాళ్లు.

ఆ ఫైలు ఏం చేసి ఉండేదో నేటికీ తెలియదు. తెలుసుకోవాలనుకోవడం కూడా ప్రమాదమేనని సార్ తీర్పు. ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళ్లిన సార్ ముందుగా పిల్ల చేతికి కట్టిన పేరు చీటీ చదివారు. తర్వాతే నవ్వారు.

మొన్న మరో వెర్షన్ వచ్చింది. నేనే బాపట్ల వెళ్లివచ్చి, నలభై అక్షరాలూ పైకి చదువుతూ పోల్చాను. బెంచీ మీదివారు మాటలాపేశారు. ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని, చివరి అక్షరానికి "ఆమెన్" అంది.

కావున ఇకమీదట కీ పోల్చునప్పుడు రోగులందరూ లేచి నిలబడవలెను. 'ఆమెన్' పడనిదే మా ల్యాబులో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించరాదు. ఈ నిబంధనే అంతిమం.