ఫుల్మార్ గురి

2004 ఏప్రిల్‌లో యార్క్‌షైర్ తీరంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేరాను. స్టాఫ్ నర్సంటే తన షిఫ్టులో మందులకీ మనుషులకీ జవాబుదారీ. పైన మేనేజరు మార్గరెట్, కింద తిండీ స్నానాలూ చూసే కేరర్లు. వాళ్ళలో సుగుణ ఆంటీది బాపట్ల. హోదాలో కింద, వయసులో పైన. కాబట్టి కసిరేది ఆవిడ, పడేది నేను.

మేలో రెసిడెంట్లను, అంటే హోమ్‌లో ఉండే పెద్దవాళ్ళను, సముద్రపక్షుల కొండచరియకి తీసుకెళ్తామని మార్గరెట్‌ని అడిగాం. ఆర్థర్ అనే పెద్దాయన చేరిన రోజునుంచీ పఫిన్ పిట్టను చూడాలని మా ప్రాణం తీస్తున్నాడు. బయటికి కదలాలంటే ముందు రిస్క్ అసెస్‌మెంట్ రాయాలి: ఎవరికి ఏ ప్రమాదం రావచ్చు, వస్తే ఏం చేస్తాం అని. గాలి, వాన, చక్రాల కుర్చీ బ్రేకులు, సుగుణ ఆంటీ పులిహోర, అన్నీ రాశాను. మార్గరెట్ పులిహోర మీద గీత గీసి సంతకం పెట్టింది. రెసిడెంట్లలో ఎవరికి ఏ చిన్న సంఘటన జరిగినా ఇదే చివరి ట్రిప్పని చెప్పి, కాపలాకి తనే వచ్చింది.

కొండ అంచున కంచె. దానిమీదుగా ఎవరూ వంగకూడదని మినీబస్సులోనే మార్గరెట్ మళ్ళీ మళ్ళీ చెప్పింది. కిందనుంచి వేల పక్షుల గోల, రెట్టల ఘాటు. ఆర్థర్ బైనాక్యులర్స్‌తో వెతుకుతున్నాడు. కంచె అవతలి గట్టుమీద ఒక బూడిదరంగు ఫుల్మార్ పక్షి, మా హోమ్ బ్రోషర్‌లో ఫోటోకి పోజిచ్చినట్టు కూర్చుంది. మార్గరెట్ కెమెరాతో కంచెమీదుగా వంగింది. మరీ దగ్గరికొచ్చినవాళ్ళ మీద కడుపులోని నూనె కక్కడం ఫుల్మార్ అలవాటు. గురి బాగానే ఉంటుంది.

టోపీ నుంచి కోటు దాకా నారింజరంగు జిడ్డు.

"ఎండుచేపల సంతే!" అంది ఆంటీ తెలుగులో. వెంటనే నా మోచెయ్యి గిల్లి, "నవ్వమాక బాబూ, క్రిస్మస్ రోటా మన నెత్తిన పడిద్ది" అంది.

రోటా అంటే డ్యూటీల పట్టిక, వేసేది మార్గరెట్. ఆర్థర్‌కి రోటా లేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. సరిగ్గా అప్పుడే ఒక పఫిన్ ఆయన ముందునుంచే ఎగిరిపోయింది. ఆయన తప్ప అందరం చూశాం.

కిటికీలన్నీ తెరిచి తిరుగుప్రయాణమయ్యాం. సంఘటన జరిగినట్టు రాయమంటారా అని వినయంగా అడిగాను. రాస్తే ఎలా జరిగిందో కూడా రాయాలి. కంచె సంగతి బయటికొస్తుంది. మార్గరెట్ కోటు తుడుచుకుంటూ, రెసిడెంట్లకేమీ కాలేదుగా అంది.

"నాకైంది. నీ తమాషాలో పడి నా పిట్ట పోయింది" అన్నాడు ఆర్థర్ వెనకనుంచి. "మళ్ళీ తీసుకురావాల్సిందే."

జూన్‌లో మళ్ళీ వెళ్ళాం. ఆర్థర్ పఫిన్‌ని తనివితీరా చూసి, "ఇంతేనా!" అని పులిహోర డబ్బా అందుకున్నాడు.

ప్రమాదాల అంచనాలో, దానిమీద సంతకం పెట్టే మనిషిని కూడా చేర్చాలి. ఆ ఏడు నేర్చుకున్న ఈ సంగతిని రిటైరయ్యేదాకా పాటించాను. మొదటిసారి చేర్చింది ఆ రెండో ట్రిప్పు కాగితంలోనే. మార్గరెట్ ఆ వాక్యం మీద గీత గీయలేదు.