మార్తమ్మ అవ్వకు అందని పాట

వరంగల్‌లో పంక్చర్ షాపు నడిపే ఏలియా రోజూ పొద్దున్నే బేస్ గిటార్ ఒళ్లో పెట్టుకొని ప్రార్థన చేసుకునేవాడు. చర్చిలో ఆ గిటార్ మోగితే బెంచీలు అదిరేవి. చెవులు వినపడని మార్తమ్మ అవ్వ ముందు బెంచీకి ఆనుకొని నిలబడి, ఆ అదురు పట్టుకొనే చప్పట్లు కొట్టేది.

మొన్న ఆదివారం ఏలియా కొత్త ఓవర్‌డ్రైవ్ పెడల్ తొక్కాడు. గిటార్ గరగరలాడింది గానీ బేస్ మంద్రస్వరం పలచబడి బెంచీ అదరడం మానేసింది. పాట అయిపోయిందనుకొని అవ్వ గట్టిగా "ఆమెన్" అని కూర్చుంది. అవ్వ ఆమెన్ అంటే కూర్చునే అలవాటుకొద్దీ సంఘమంతా కూర్చుంది.

"అన్నా, సౌండును రెండు పాయలు చెయ్. ఒకటి పెడల్‌లకెళ్లి, ఇంకోటి పెడల్ తగలకుండ సాఫ్‌గ పోనీ" అన్నాడు డ్రమ్ములు వాయించే స్టీఫెన్.

ఏది ఎంత కలపాలో ఏలియాకు తేలలేదు. శనివారం అవ్వకు ఎదురుగా కూర్చొని, సైగలు చేస్తూ అడిగాడు: "అవ్వా, రేపు జర ముందుగాల రావా? నేను నాబ్ తిప్పుతుంట, బెంచీ అదిరినప్పుడు చెయ్యి లేపు."