అప్పజెప్పుల సిస్టర్

అత్యవసర వార్డులో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే "హెడ్ సిస్టర్", అటు తిరిగితే "అప్పజెప్పుల సిస్టర్". ఆ సంగతి ఆమెకీ తెలుసు. పేరుతో ఆమెకి పేచీ లేదు. చెప్పిన పని జరగడం లేదన్నదే ఆమె ఏడుపు.

గుండె ఆగిన మనిషిని మంచం మీదికి చేర్చాక ఒకరు ఛాతీ నొక్కాలి, ఒకరు గాలి సంచీ పిసకాలి, ఒకరు సిరంజిలో మందు నింపాలి, ఇంకొకరు దాన్ని నరంలోకి ఎక్కించాలి. ఏది ఎప్పుడో డాక్టరు చెప్పాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఆమె అడిగేదీ గొంతెమ్మ కోరికేం కాదు. డాక్టరు ఫలానా మనిషికని పని చెప్పాలి, విన్న మనిషి ఆ మాట పైకి తిరిగి చెప్పాలి, చేశాక "ఇచ్చాను" అనాలి. ఇంతే! దీనికోసం ఏళ్ళ తరబడి నోరు నొప్పెట్టేలా చెబుతూనే ఉంది.

కానీ ఆ వార్డులో పెద్దల మాటకి జవాబంటే తలూపడమే. చెప్పిన మాటను చెప్పినట్టు తిరిగి అంటే వెక్కిరించినట్టు లెక్క.

"పెద్దాయన మొహం మీద ఆయన మాటే ఎలా అంటాం అక్కా? నాకు నోరు రాదు," అనేది మందులు నింపే అమ్మాయి.

పెద్ద డాక్టరుగారు చెడ్డవాడేం కాదు, హస్తవాసి ఉన్నవాడు. ఒకసారి ఆమె ధైర్యం చేసి ఆయన దగ్గరే ఈ మాట ఎత్తితే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను చెప్పింది మళ్ళీ నాకే అప్పజెప్పడమేంటమ్మా? ఇదేమైనా బడా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమెకా పేరు ఆ రోజు నుంచే.

ఇంట్లోనూ వేళాకోళమే. "ఉప్పు తెమ్మన్నావు, విన్నాను, తేవడానికి వెళ్తున్నాను," అని భర్త చెప్పులేసుకుంటూ దండకం చదివేవాడు. తీరా చక్కెర తెచ్చేవాడు.

శిక్షణ అని ఒక పూట పెట్టించింది. ప్లాస్టిక్ బొమ్మ ముందు అందరూ చిలకల్లా చెప్పారు. బొమ్మ బతికిందని చప్పట్లు కొట్టి టీ తాగారు. ఆ తర్వాత నిజం మనిషి వచ్చేసరికి మళ్ళీ అందరి నోళ్ళకీ తాళాలు పడ్డాయి.

ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, సెలూన్ నడిపే ఆయన్ని తీసుకొచ్చారు. ఎవరికో గడ్డం గీస్తూనే కుప్పకూలాడట. ఆయన భార్య చెప్పులైనా లేకుండా వెంట పరిగెత్తుకొచ్చి, తలుపు అద్దానికి అవతల నిలబడిపోయింది.

హెడ్ సిస్టర్ ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. "అడ్రినలిన్ ఇవ్వండి," అన్నాడు పెద్ద డాక్టరు, మానిటర్ మీంచి కళ్ళు తిప్పకుండా. ఎవరివ్వాలో చెప్పలేదు. మందులు నింపే అమ్మాయి తలూపింది. సెలైన్ దగ్గరున్న నర్సూ తలూపింది. అమ్మాయి సిరంజి నింపి ట్రేలో పెట్టి, ఎక్కించేది ఆ నర్సే కదా అని మందుల బీరువా వైపు తిరిగింది. ఊడిన సెలైన్ గొట్టం సరిచేసుకుని నర్సు తలెత్తేసరికి ఆ అమ్మాయి చేతులు ఖాళీగా కనిపించాయి. ఇచ్చేసిందిలే అనుకుంది.

"మందు ఎవరిచ్చారు?" అని అరిచింది హెడ్ సిస్టర్, నొక్కుతూనే. "ఇచ్చారా లేదా? నోళ్ళు విప్పండమ్మా!"

"ఇచ్చే ఉంటారు, గోల చెయ్యకండి. మీరు నొక్కండి," అన్నాడు డాక్టరు.

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కానీ అక్కణ్ణించి చేతులు తీయడానికి లేదు. పళ్ళు బిగబట్టి నొక్కింది. స్ట్రెచర్ తోసే అతను వచ్చి ఆ పని అందుకున్నాక గానీ ఇటు తిరగలేకపోయింది. ట్రేలో సిరంజి నింపింది నింపినట్టే ఉంది.

తనే తీసి ఎక్కించింది. "ఇచ్చాను!" అని గది అదిరేలా అరిచింది. ఆ తర్వాత చాలాసేపు అందరూ చెమటలు కక్కుతూ ప్రయత్నించారు. ఆ గుండె మళ్ళీ కొట్టుకోలేదు. మందు వేళకి పడి ఉంటే బతికేవాడా? ఏమో. అది ఏ డాక్టరూ చెప్పలేడు.

"సార్, మందు ట్రేలోనే ఉండిపోయింది," అంది ఆమె, చేతులు కడుక్కుంటున్న డాక్టరుతో.

ఆయన కుళాయి కట్టేశాడు. "ఇప్పుడది తవ్వుకుని ఏం లాభమమ్మా? బయట ఆయన భార్య ఉంది. నేను చెప్తాను, మీరు పక్కన నిలబడితే చాలు."

బయటికెళ్ళి ఆవిడకి మెత్తగానే చెప్పాడు. "చెయ్యగలిగిందంతా చేశామమ్మా," అన్నాడు. ఆవిడ కళ్ళల్లో ఇంకా నీళ్ళు కూడా రాలేదు. ఆవిడే హెడ్ సిస్టర్ చేతులు రెండూ పట్టుకుని అంది.

"అద్దంలోంచి చూస్తూనే ఉన్నానమ్మా. పాపం మీరొక్కరే కంగారుపడి అరిచారు. మిగతావాళ్ళు కిక్కురుమనకుండా ఎంత పద్ధతిగా చేశారో! మీ అందరికీ పుణ్యముంటుంది."

పెద్ద డాక్టరు కళ్ళతోనే వద్దన్నాడు. తలూపి వచ్చేస్తే సరిపోయేది. ఉద్యోగం నిలిచేది, వార్డు పరువూ నిలిచేది. ఆ పొగడ్త మాత్రం ఆమెకి ఒళ్ళంతా కారం రాసినట్టుంది.

"ఒక మందు ఇవ్వడం ఆలస్యమైందమ్మా," అంది. "ఎవరివ్వాలో చెప్పలేదు. ఇచ్చారో లేదో ఎవరూ చెప్పలేదు."

ఆవిడ చేతులు వదల్లేదు. ఆమె మొహంలోకే చూస్తూ, ఒక్కో మాటా తడుముకుంటూ అంది. "ఒక మందు ఇవ్వడం ఆలస్యమైంది. ఎవరివ్వాలో చెప్పలేదు. ఇచ్చారో లేదో... ఎవరూ చెప్పలేదు."

ఆ వార్డులో ఇన్నేళ్ళకి, విన్న మాటను విన్నట్టుగా తిరిగి చెప్పిన మనిషి ఆవిడొక్కతే.