దొరసాని కూసిన పొద్దు

పద్దెనిమిదేళ్ల వయసులో మనకు తెలియని సంగతంటూ లోకంలో ఉండదు. నాకైతే అసలే ఉండేది కాదు, ఏడో తరగతి ప్యాసైన పిల్లను కదా! ఆ రోజుల్లో బెల్లంపల్లి బొగ్గుబాయి కాలనీలో, మా వరుస ఇళ్లలో, ఉత్తరం చదవగలిగిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. (చదివించుకోవడానికి వచ్చినవాళ్లకు ఉత్తరంలో లేని సలహాలు కూడా ఇచ్చేదాన్ని.) నన్ను కాపురానికి పంపేటప్పుడు అవ్వ ఒక గోధుమరంగు పెట్టను గంపలో పెట్టి ఇచ్చింది. దాని నడక చూసి దొరసాని అని పేరు పెట్టుకున్నాను. రెండేళ్లు వరుసగా గుడ్లు పెట్టి వాడకట్టులో నా పరువు నిలబెట్టింది. ఆ తర్వాత ఉన్నట్టుండి గుడ్లు మానేసింది. తల మీద జుట్టు ఎర్రగా పెరిగింది, తోక ఈకలు కొడవలిలా వంగాయి. నేల గీరి, పురుగు దొరికితే తాను తినకుండా మిగతా పెట్టలను పిలవసాగింది. ఒకరోజు తెల్లారగానే కట్టెల మోపు ఎక్కి, తుప్పుపట్టిన గిరక తిరిగినట్టు, కూసింది.

పక్కింటి వదినె పండ్లపుల్ల నోట్లో ఉండగానే ఉరికొచ్చింది. "కూసింది నీ పెట్టనేనా? పెట్ట కూస్తె ఇంటికి మంచిది గాదు పిల్లా. నీ మొగడు బాయిల దిగేటోడు. ఇయ్యాల్నే కోసెయ్యి."

మూఢనమ్మకాలకు లొంగే మనిషినా నేను? "గది పుంజే వదినె! మొదటి సంది పుంజే," అన్నాను.

"మరి నేను బాలెంతగున్నప్పుడు తిన్న గుడ్లు ఎవలు వెట్టినయి?"

ఆ ప్రశ్నకు జవాబు ఏడో తరగతి దాకా ఏ పుస్తకంలోనూ లేదు. మెడ చాపితేనే కదా కూత వచ్చేదని కనిపెట్టి, ఆనాటి నుంచి దొరసానిని పొట్టి గంప కింద మూసి పైన రాయి పెట్టాను. అది మెడ వంచుకొనే కూసింది. ఆ వారంలోనే మా అత్త కరీంనగర్ దిక్కు పల్లె నుంచి బస్సు దిగింది. అత్త చెవిన పడితే కోడికీ నాకూ ఒకే గతి పడుతుందని భయపడి, గంపలో గొంతు లేచినప్పుడల్లా దానికంటే గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను. "అయ్యో బిడ్డా, రొమ్ము వట్టిందా?" అని అత్త పూటకో గిన్నెడు మిరియాల కషాయం కాచి, అడుగు కనిపించేదాకా ఎదురుగా కూర్చుని తాగించింది. నాలుగు రోజులకు నా కడుపులో కుంపటి పెట్టినట్టయింది.

అయిదో రోజు మొదటి పాళీ ముగిసిందని బాయి సైరన్ కూత వినిపించింది. బొగ్గు మొహాలతో అందరి మగవాళ్లూ వచ్చారు. మా ఆయన రాలేదు. అరగంటైంది, గంటైంది. వాకిట్లోకి చేరిన ఆడవాళ్లంతా గంప వైపు చూశారు. అంతే! మూఢనమ్మకాలు లేని మనిషిని, ఒక్క ఉరుకున వెళ్లి కత్తి తెచ్చాను. దొరసానిని రెక్కలు పట్టి ఇవతలికి లాగితే అది నా గుండెలాగే కొట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్ పిల్లా?" అత్త గడపలో నిలబడి ఉంది.

"అత్తా, గిది పెట్టనే! కూస్తుంది. నేనే దాచిన. గందుకే ఆయన ఇంక రాలే..." అని బావురుమన్నాను.

"నాకెరుకే. కోడి కూసినప్పుడే నీకు దగ్గస్తె సమజ్ గాదా?"

"మరి గా కషాయం?"

"నాతోని అబద్ధమాడినందుకు." అత్త నా చేతిలోని కత్తి మెల్లగా తీసుకుంది. "మా తల్లిగారింట్ల గిసొంటివి రెండుండె. గుడ్లు బందైనంక కొన్ని పెట్టలు గట్లనే కూస్తయి. అవి కూసినన్ని రోజులు మా బాపు గట్టిగనే ఉన్నడు. ఇడువు దాన్ని."

నేను కోడిని వదిలేసరికి మా ఆయన చేతిలో సీసాతో సందు మలుపు తిరిగాడు. "గింతమంది జమైండ్రేంది? దవఖానల ఎంతసేపైనా లైను ఒడువలే. నీ దగ్గు జూస్తే పరేషానై, మందు దెచ్చిన," అన్నాడు. అందరి ముందూ, లేని దగ్గుకు, ఆ మందు తాగాను. కళ్ల నుంచి నీళ్లు ఆగలేదు.

"గంత చేదున్నదా?" అని అడిగాడు పాపం.

తల ఊపాను.

దొరసాని ఆ తర్వాత కట్టెల మోపు మీద దర్జాగా కూసుకుంటూ చాలాకాలం బతికింది. కోడి కథ చెప్పుకొని కాలనీ అంతా నవ్వింది, నాతో ఉత్తరాలు చదివించుకునేవాళ్లు మాత్రం సలహాలు అడగడం మానేశారు. అత్తతో కలిసి మా ఆయన కూడా పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు గానీ, ఆనాడు ఏడ్చింది మందు చేదుకే అనుకున్నాడు. కాదని చెప్పడానికి ఆ చదువుకున్న పిల్లకు సిగ్గు. ఇన్నేళ్లొచ్చినా, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకూ సిగ్గే.